ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో పసిపాప

పారిస్ దినపత్రిక ‘లె సియెక్ల్’ 1857 మే 7న ఒక కొత్త సీరియల్ మొదలుపెట్టింది. దాని పేరు ‘లె బోస్యూ’, అంటే గూనివాడు. రాసింది పాల్ ఫెవాల్. అదే ఏడాది ఆగస్టు 15న ముగిసిన ఆ కథ ఫ్రెంచి సాహసగాథల్లో డ్యూమా రాసిన ‘త్రీ మస్కటీర్స్’ పక్కన కూర్చోగలిగినంత పేరు తెచ్చుకుంది. ఫ్రాన్స్‌లో దాని కథానాయకుడు లగార్దేర్ పేరు తెలియని ఇల్లు ఉండదు. ఆ దేశం దాటితే అతని పేరు అంతగా వినిపించదు. స్నేహితుణ్ణి చంపినవాడి మీద పగ తీర్చుకునే వీరుడి కథ అని దీన్ని ఒక్క ముక్కలో చెబుతుంటారు. అది సగం నిజమే. ఆ వీరుడు పద్దెనిమిదేళ్ళు పగను పక్కన పెట్టి, చనిపోయినవాడి కూతుర్ని పెంచుతాడు. పగ కథలు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి. పసిబిడ్డకు పాలు పట్టాల్సి రావడం వల్ల పగ వాయిదా పడిన కథలు చాలా తక్కువ. ‘లె బోస్యూ’ ప్రత్యేకత అక్కడే ఉంది.

కథ 1699లో, పద్నాలుగో లూయీ ముసలితనంలో, ఫ్రాన్స్ దక్షిణ సరిహద్దున పిరనీస్ కొండల మధ్య మొదలవుతుంది. అక్కడ కైలూస్ కోట ఉంది. దాని యజమాని అయిన ముసలి మార్క్విస్ ఇంట్లో ఆడవాళ్ళను గడియ వేసి ఉంచడంలో పేరుమోసినవాడు. ఊరివాళ్ళు అతని పేరుకు ‘గడియ’ అని తోక తగిలించారు. ఎన్ని గడియలు వేసినా అతని కూతురు ఓరోర్, నెవేర్ డ్యూక్ ఫిలిప్‌ను రహస్యంగా పెళ్ళాడింది. వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. రెండు కుటుంబాల మధ్య వైరం ఉంది కనుక పెళ్ళీ పుట్టుకా రెండూ గుట్టుగానే ఉన్నాయి. నెవేర్ దగ్గరి బంధువు, ప్రాణస్నేహితుడిగా చలామణీ అయ్యే ఫిలిప్ ద గొంజాగ్‌కు ఆ గుట్టు తెలిసింది. వారసులు లేకుండా నెవేర్ చనిపోతే అంతులేని ఆ ఆస్తి తన వశమవుతుంది. బిడ్డ బతికి ఉంటే కాదు. ఆ లెక్కలోంచే కథంతా పుట్టింది.

గొంజాగ్ తరఫున అతని ఆంతరంగికుడు పెరోల్ కిరాయికి కత్తులు సమకూర్చాడు. కోట దగ్గరి పూటకూళ్ళ ఇంట్లో దేశం నలుమూలల నుంచీ వచ్చిన కత్తిసాము గురువులు చేరారు. వాళ్ళలో ఇద్దరిది విడదీయరాని జంట. గస్కనీ ప్రాంతపు కొకార్దాస్ నోటి దురుసు మనిషి, నార్మండీ ప్రాంతపు పాస్‌ప్వాల్ బెరుకు మనిషి. లగార్దేర్ చిన్నతనంలో కత్తి పట్టడం నేర్చుకున్నది ఈ ఇద్దరి దగ్గరే. చంపాల్సింది నెవేర్‌ను అని తెలిశాక ఆ గుంపులో వెన్ను జలదరించనివాడు లేడు. నెవేర్ దగ్గర ఒక రహస్యపు పోటు ఉంది. అతని కత్తిమొన సూటిగా కనుబొమల మధ్య దిగుతుంది. దాన్ని ఆపడం ఎవరికీ తెలియదు.

అదే రాత్రి హెన్రీ ద లగార్దేర్ కూడా అక్కడికే వచ్చాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. తల్లీతండ్రీ లేరు. పారిస్ వీధుల్లో ఆకలితో పెరిగాడు. నాణేల కోసం సెన్ నదిలోకి దూకాడు, తిరనాళ్ళలో ఒళ్ళు విల్లులా వంచి గడ విద్యలు ఆడాడు. తరువాత రాజుగారి అశ్వదళంలో చేరాడు. ఒక ద్వంద్వయుద్ధం కారణంగా దేశబహిష్కార శిక్ష పడింది. సరిహద్దు దాటేముందు నెవేర్‌తో ఒక్కసారి తలపడి ఆ పోటును పరీక్షించాలన్నది అతని పంతం. వచ్చింది నెవేర్‌తో పోరాడటానికి. తెల్లారేసరికి నెవేర్ కోసం పోరాడాడు.

ఆ అర్ధరాత్రి కోట కందకంలో జరిగినది ఈ నవలకు గుండెకాయ. నీళ్ళు లేని కందకం, చిమ్మచీకటి. గోడలో నేలబారుగా ఒక కిటికీ ఉంది. లోపలినుంచి ఆడగొంతు మెల్లగా పిలిచింది. కుట్ర సంగతి అప్పటికే పసిగట్టిన లగార్దేర్, నెవేర్ వంశపు సంకేతవాక్యంతో బదులిచ్చాడు. నేను ఉన్నాను అన్న అర్థం వచ్చే మాట అది. భర్తే వచ్చాడనుకున్న ఓరోర్ గుడ్డలో చుట్టిన బిడ్డనూ, ఒక సీలువేసిన కవరునూ కిటికీలోంచి అతని చేతికి అందించింది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పసిబిడ్డను ఎలా పట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఇంతలో నెవేర్ వచ్చాడు, నిజం తెలుసుకున్నాడు. ఇద్దరూ భుజం భుజం కలిపి గుంపును ఎదిరించారు. లగార్దేర్ కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో పాప. కూలినవాళ్ళు కూలుతున్నారు, వెనక్కి తగ్గినవాళ్ళు తగ్గుతున్నారు. అప్పుడు ముసుగు వేసుకున్న ఒక మనిషి ఆ కిటికీలోంచే దిగి నెవేర్‌ను వెన్నులో పొడిచాడు.

నెవేర్ చనిపోతూ కోరినవి రెండు. బిడ్డను కాపాడమన్నాడు, తన చావుకు బదులు తీర్చమన్నాడు. లగార్దేర్ రెండింటికీ మాట ఇచ్చాడు. ముసుగు మనిషి చేతి మీద కత్తితో చెరగని గాటు పెట్టి, నీవు రాకపోతే నేనే నిన్ను వెతుక్కుంటూ వస్తానని శపథం చేశాడు. ఆ శపథం నవల దాటి ఫ్రెంచివారి నిత్యవ్యవహారంలోకి వెళ్ళింది. నవల చదవనివాళ్ళు కూడా వాదనల్లో, పత్రికల శీర్షికల్లో దాన్ని వాడుతుంటారు.

ఒక్క ఎత్తుతో ఓటమి ఎరుగని వీరుడు కావచ్చునన్న ఊహ ఫెవాల్ గాలిలోంచి పుట్టించింది కాదు. 1547 జులై 10న సెన్ జెర్మేన్‌లో, రాజు రెండో హెన్రీ కళ్ళముందు, గీ షాబో ద జర్నాక్‌కూ లా షాతెనెరేకూ ద్వంద్వయుద్ధం జరిగింది. లా షాతెనెరే ఆ కాలంలో పేరుమోసిన యోధుడు. జర్నాక్ గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. అతను ఎదుటివాడి మోకాలి వెనక నరం తెగేట్టు ఊహించని వేటు వేశాడు. లా షాతెనెరే కుప్పకూలాడు, ఆ గాయంతోనే పోయాడు. ఇటలీ గురువులు తమ దగ్గర రహస్యపు ఎత్తులున్నాయని చెప్పుకుని శిష్యులను ఆకర్షించడమూ చరిత్రలో ఉన్నదే. ప్రభుత్వం మాత్రం ద్వంద్వయుద్ధాలను అణచడానికి శతాబ్దం పైగా తంటాలు పడింది. 1626లో మంత్రి రిషెల్యూ కఠిన శాసనం తెచ్చాడు. దాన్ని లెక్కచేయకుండా పారిస్ నడిబొడ్డున కత్తి దూసిన కౌంట్ ద బూత్‌విల్ తల 1627 జూన్‌లో తెగింది. పద్నాలుగో లూయీ 1679లో ఇంకో శాసనం జారీ చేశాడు. లగార్దేర్‌కు పడిన శిక్షకు ఈ నేపథ్యం ఉంది. కథ నడకకు ఆ శిక్ష చాలా అవసరం కూడా. ఫ్రాన్స్‌లో అడుగుపెడితే ప్రాణానికి ముప్పు ఉన్నవాడు, చేతిలో డ్యూక్ వారసురాలు ఉన్నా న్యాయస్థానం తలుపు తట్టలేడు.

సంరక్షణ విషయంలో ఆనాటి చట్టం ఎలా ఉండేదో తెలిస్తే గొంజాగ్ పథకంలోని భయంకరత్వం బాగా అర్థమవుతుంది. పాత ఫ్రాన్స్‌లో తండ్రి పోయిన ప్రభువుల బిడ్డ అంటే ఒక ఎస్టేటు. బిడ్డ మైనారిటీ తీరేదాకా ఆ భూముల రాబడిని అనుభవించే హక్కు అనేక ప్రాంతాల ఆచారచట్టాల్లో బతికున్న తల్లికో తండ్రికో దక్కేది. సంరక్షకుణ్ణి నియమించేటప్పుడు, ఆస్తి తగాదాలు వచ్చినప్పుడు, బంధువులంతా కలిసి కుటుంబ మండలిగా కూర్చునేవారు. గొంజాగ్ నెవేర్‌ను చంపించి ఊరుకోలేదు. అతని వితంతువును పెళ్ళాడాడు. ఆస్తిని నిర్వహించే పెద్దమనిషిగా లోకం ముందు నిలబడ్డాడు. ఆమె మాత్రం పద్దెనిమిదేళ్ళు నల్లబట్టలు విడవలేదు, కూతురు బతికే ఉందన్న ఆశనూ విడవలేదు. ఇలా ఈ కథలో ఇద్దరు సంరక్షకులు ఎదురెదురుగా నిలుస్తారు. ఒకడికి చట్టం బలం ఉంది, హోదా ఉంది, చేతికి నెత్తురు ఉంది. రెండోవాడికి చనిపోయినవాడికి ఇచ్చిన మాట తప్ప మరే అధికారమూ లేదు.

సీలువేసిన ఆ కవరు సంగతి కూడా చట్టంతో ముడిపడినదే. ఫ్రాన్స్‌లో బాప్తిస్మాలు చర్చి రిజిస్టర్లలో రాయాలని 1539 నాటి విల్లేర్ కొతెరే శాసనం ఆదేశించింది. 1579 నాటి బ్ల్వా శాసనం పెళ్ళిళ్ళనూ మరణాలనూ చేర్చింది, పెళ్ళికి సాక్షులు, ముందస్తు ప్రకటన ఉండాలంది. 1556 శాసనం ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పెళ్ళాడిన పిల్లలను ఆస్తికి దూరం చేయవచ్చు. రహస్య వివాహానికి పుట్టిన బిడ్డ ఫలానా తండ్రి కూతురని రుజువు కావాలంటే రిజిస్టరులోని పేజీలే దిక్కు. ఓరోర్ కందకంలోకి అందించిన కవరులో ఉన్నవి కోట ప్రార్థనాలయపు రిజిస్టరు నుంచి చించిన ఆ పేజీలే. బిడ్డ ఒక చేతిలో, బిడ్డ ఉనికికి సాక్ష్యం ఇంకో చేతిలో. కత్తులు దూసే కథలో ఇంత దస్తావేజు జ్ఞానం కనిపించడానికి కారణం ఉంది. ఫెవాల్ న్యాయశాస్త్రం చదివినవాడు.

లగార్దేర్ పాపను తీసుకుని పిరనీస్ దాటి స్పెయిన్‌లోకి పారిపోయాడు. ఇక్కడ ఫెవాల్ చేసిన పని ఆశ్చర్యం కలిగిస్తుంది. సాహసనవలా రచయిత ఎవరైనా ఆ పద్దెనిమిదేళ్ళను ఒక వాక్యంలో దాటేస్తాడు. ఫెవాల్ ఆరు భాగాల నవలలో ఒక భాగాన్ని పెరిగిన ఆ పిల్లకే ఇచ్చాడు. తల్లి ఎవరో తెలియని ఓరోర్ (ఆమెకూ తల్లి పేరే పెట్టారు) ఎప్పటికైనా తల్లికి చూపించాలని తన జ్ఞాపకాలు రాసుకుంటుంది. ఆ రాతల్లో లగార్దేర్ మొదట కత్తివీరుడిగా కాక ఇల్లు నడిపే మనిషిగా కనిపిస్తాడు. వంట అతనిదే, పిల్ల బట్టలు కుట్టడం అతనిదే. కూలి కోసం కత్తుల పిడుల మీద నగిషీలు చెక్కాడు. స్పెయిన్‌లో అతన్ని చెక్కుడు పనివాడు అన్న అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. కత్తితో బతకడం ఒక్కటే తెలిసినవాడు కత్తి మీద పూలూ తీగలూ చెక్కి పిల్లకు తిండి సంపాదించాడు.

అలాగని పగ నిద్రపోలేదు. గొంజాగ్ మనుషులు వాళ్ళను ఊరి నుంచి ఊరికి తరిమారు. కందకం రాత్రి పాల్గొన్న కిరాయి హంతకులు ఒక్కొక్కరే కనుబొమల మధ్య రంధ్రంతో శవాలై దొరికారు. ఓరోర్‌కు ఇవేవీ తెలియవు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన మనిషి ముఖంలో అలసట మాత్రమే ఆమె చూసింది. పిల్ల కళ్ళతో చూపించడం వల్ల పగ ఎంత బరువైనదో పాఠకుడికి తెలుస్తుంది. పోరాటాలను కళ్ళకు కట్టినట్టు రాయడం ఫెవాల్‌కు చేతకాక కాదు, కందకం ఘట్టమే సాక్షి. ఇక్కడ వాటిని కావాలనే తలుపు బయట ఉంచాడు.

రెండో అంకం 1717లో పారిస్‌లో. రెండేళ్ళ క్రితం, 1715 సెప్టెంబరు 1న పద్నాలుగో లూయీ కన్నుమూశాడు. సింహాసనం ఎక్కిన పదిహేనో లూయీకి అయిదేళ్ళు. చనిపోయిన రాజు తమ్ముడి కొడుకు ఫిలిప్ డోర్లెయాఁ రీజెంట్ అయ్యాడు. పసివాడి పేరు మీద దేశాన్ని ఏలే బాధ్యత 1723 దాకా అతనిదే. నవలలో నెవేర్, గొంజాగ్, రీజెంట్ యవ్వనంలో స్నేహితులు. ముగ్గురి పేరూ ఫిలిపే. ముగ్గురిలో ఒకడు కూతుర్ని కాపాడుకోలేక చనిపోయాడు, ఒకడు ఆ కూతురి ఆస్తి కాజేశాడు, ఒకడు తండ్రి లేని రాజుకు సంరక్షకుడయ్యాడు. సంరక్షణ అనే ఒకే అంశం కోటలోనూ పూరిగుడిసెలోనూ రాజభవనంలోనూ ఉండేట్టు ఫెవాల్ ఈ కాలాన్ని ఎన్నుకోవడం గొప్ప ఎంపిక.

అది డబ్బు పిచ్చి పట్టిన కాలం కూడా. యుద్ధాలతో దివాలా తీసిన ఖజానాను గట్టెక్కిస్తానని స్కాట్లాండ్ నుంచి వచ్చిన జాన్ లా 1716లో బ్యాంకు పెట్టాడు, కాగితపు నోట్లు అచ్చువేశాడు. 1717లో అమెరికాలోని మిసిసిపీ లోయ వ్యాపారం పేరుతో కంపెనీ స్థాపించాడు. 500 లీవ్రల ముఖవిలువ ఉన్న షేరు 1719 చివరికల్లా 10,000 దగ్గరికి ఎగబాకింది. కాంకాంప్వా అనే ఇరుకు వీధిలో ప్రభువులూ వంటవాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటూ షేర్లు కొన్నారు. 1720లో అంతా కూలింది. లా ఆ డిసెంబరులో దేశం విడిచి పారిపోయాడు, 1729లో వెనిస్‌లో చనిపోయాడు. నవలలో ఈ జ్వరం 1717కే పతాకస్థాయిలో ఉంటుంది. చరిత్ర ప్రకారం అది రెండేళ్ళు ముందు. కథకు అవసరమైన చోట ఫెవాల్ క్యాలెండరును జరపడానికి వెనుకాడలేదు.

ఆ వీధిలో జరిగిన ఒక నిజమైన ముచ్చటే నవలకు పేరు పెట్టింది. కాగితాల మీద సంతకాలు పెట్టడానికి బల్లలు లేని తొక్కిసలాటలో ఒక గూనివాడు తన వీపును రాతబల్లగా అద్దెకిచ్చి బోలెడు సంపాదించాడని ఆ కాలం గురించిన కథనాలు చెబుతాయి. వ్యాపారాన్ని ఆ వీధి నుంచి తరలించాక సువాస్సోఁ భవనపు తోటలో చెక్క కొట్లు కట్టి దళారులకు అద్దెకిచ్చారు. నవలలో గొంజాగ్ తన భవనాన్ని సరిగ్గా అలాగే మార్చేస్తాడు. ఒకప్పుడు నెవేర్ పేరున్న ఇంట్లో గదులూ తోటా జానెడు జానెడుగా కొలిచి అద్దెకిస్తుంటాడు. అక్కడికి ఒక గూనివాడు వస్తాడు. కాపలా కుక్క ఉండే గూడును కళ్ళు తిరిగే అద్దెకు తీసుకుంటాడు. వీపు అద్దెకిస్తాడు, నవ్విస్తాడు, అందరి మాటలూ వింటాడు. అతను లగార్దేర్. తిరనాళ్ళలో ఒళ్ళు విరుచుకుని బతికిన బాల్యం ఇక్కడ అక్కరకొచ్చింది. మొదటి అధ్యాయాల్లో కాలక్షేపంగా చెప్పినట్టు అనిపించిన సంగతి వందల పేజీల తరువాత మొత్తం కథను మోస్తుంది. సీరియల్ రచయితల్లో ఇంత దూరదృష్టి అరుదు.

గొంజాగ్ కుటుంబ మండలిని పిలిచి, ఫ్లోర్ అనే జిప్సీ అమ్మాయిని నెవేర్ కూతురని నిలబెడతాడు. ఓరోర్ తల్లి నమ్మదు. ఆమెకు లగార్దేర్ మీదా నమ్మకం లేదు. భర్తను చంపి బిడ్డను ఎత్తుకుపోయింది అతనేనని లోకం చెప్పింది, ఆమె నమ్మింది. రీజెంట్ ఇచ్చిన విందు రాత్రి పాలే రొయాల్ భవనంలో లగార్దేర్ పిల్లను తల్లికి అప్పగించడానికి సిద్ధపడటం నవలలో అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం. కత్తి పోట్లకు చలించనివాడు ఇక్కడ తడబడతాడు. పద్దెనిమిదేళ్ళు పెంచిన మనిషికి పిల్ల మీద ఏ హక్కు మిగులుతుంది? కన్నతల్లికి ఉన్న హక్కు ముందు పెంపకం ఎంత తూగుతుంది? ఫెవాల్ ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పడు.

ముగింపు వైపు కథ పరుగు అందుకుంటుంది. ఓరోర్‌ను పట్టుకున్న గొంజాగ్, ఆమెను నాశనం చేసే ఉద్దేశంతో గూనివాడికి కట్టబెట్టడానికి ఒప్పుకుంటాడు. పెళ్ళి ఒప్పందం బల్ల మీద ఉంది. చుట్టూ తాగి నవ్వుతున్న ప్రభువులు. గూనివాడు కలం అందుకుని సంతకం చేసి, నడుము నిటారుగా నిలబెట్టి, కత్తి దూస్తాడు. కాగితం మీద ఉన్న పేరు లగార్దేర్. నాటకంగా ఆడినప్పుడు జనం ఎదురుచూసే క్షణం ఇదే.

అయినా కత్తితో కథ తేలదు. లగార్దేర్‌ను హంతకుడిగా తేల్చి మరణశిక్ష వేస్తారు. అప్పుడు అతను సీలువేసిన కవరు తీసి, చనిపోయినవాడు ఇందులోంచి సాక్ష్యం చెబుతాడని ప్రకటిస్తాడు. హంతకుడి పేరు లోపల ఉందని భయపడిన గొంజాగ్ దాన్ని లాక్కుని దీపానికి అంటిస్తాడు. లోపల పేరేమీ లేదు. దాన్ని తగలబెట్టిన చేతే నేరం ఒప్పుకుంది, ఆ చేతి మీద పాత గాటూ బయటపడింది. చివరి పోరాటం నెవేర్ సమాధి దగ్గర జరుగుతుంది. గొంజాగ్ నెవేర్ పోటుకే కూలతాడు.

తరువాత లగార్దేర్, ఓరోర్ పెళ్ళి చేసుకుంటారు. నేటి పాఠకుడు ఇక్కడ ఇబ్బంది పడటం సహజం. పొత్తిళ్ళలో ఎత్తుకున్న మనిషే భర్త కావడం మింగుడుపడదు. ఫెవాల్ కాలపు పాఠకులకు సంరక్షకుడు పెంపుడు పిల్లను పెళ్ళాడటం నవలల్లో, నాటకాల్లో అలవాటైన సంగతే. అతనికి మాత్రం ఇబ్బంది లేకపోలేదని రాతే చెబుతుంది. ప్రేమను మొదట ఓరోర్ నోటనే పలికించాడు, లగార్దేర్ వెనక్కి వెనక్కి తగ్గేట్టు చేశాడు, తల్లి సమ్మతి లేకుండా పెళ్ళి జరగనివ్వలేదు. ఇన్ని కంచెలు కట్టినా ఆ ముగింపు నవలలో బలహీనమైన భాగమే. తండ్రిగా గడిపిన పద్దెనిమిదేళ్ళను అంత బాగా చూపించబట్టే, ఆ బంధాన్ని చివర్లో వేరేదిగా మార్చడం అతకలేదు.

పాత్రల్లో చరిత్ర ఎంత? రీజెంట్, జాన్ లా నిజమైనవాళ్ళు. నెవేర్, గొంజాగ్ పేర్లు నిజం, మనుషులు కల్పితం. నెవేర్ డచీ ఒకప్పుడు ఇటలీలోని మాంటువా పాలకులైన గొంజాగా వంశం చేతిలోనే ఉండేది. 1659లో దాన్ని కార్డినల్ మజారిన్ కొన్నాడు, ఆ తరువాత అతని మేనల్లుడు మాన్చీని వంశానికి దక్కింది. కాబట్టి కథాకాలంలో అలాంటి నెవేర్ డ్యూక్ ఎవరూ లేరు. ఒకే ఆస్తి చుట్టూ రెండు పేర్లు తిరిగిన చరిత్రను తీసుకుని, ఆ రెండు పేర్ల మధ్య హత్యను కల్పించాడు ఫెవాల్.

అతను 1816లో బ్రిటనీ ప్రాంతంలోని రెన్ నగరంలో పుట్టాడు. తండ్రి న్యాయాధికారి. తానూ వకీలయ్యాడు, కొద్దికాలానికే ఆ వృత్తి వదిలేసి పారిస్ చేరాడు. 1836లో ఎమిల్ ద జిరార్దేఁ ‘లా ప్రెస్’ పత్రికను చందా 80 ఫ్రాంకుల నుంచి 40కి తగ్గించి తెచ్చాడు, ఖర్చును ప్రకటనలతో పూడ్చాడు. ‘లె సియెక్ల్’ కూడా అదే ఏడాది అదే దారిలో మొదలైంది. ప్రకటనలు రావాలంటే పాఠకులు నిలవాలి, పాఠకులు నిలవాలంటే పేజీ అడుగున గీత కింద రోజూ ఒక కథ కావాలి. డ్యూమా ‘త్రీ మస్కటీర్స్’ 1844లో అచ్చయింది ఈ ‘లె సియెక్ల్’లోనే. ఫెవాల్‌కు పేరు తెచ్చింది 1843–44లో ఫ్రాన్సిస్ ట్రోలప్ అనే మారుపేరుతో రాసిన ‘లండన్ రహస్యాలు’. సీరియల్ నవలలు జనాన్ని రెచ్చగొడుతున్నాయని భయపడిన ప్రభుత్వం 1850లో వాటిని అచ్చువేసే పత్రికల మీద ప్రతికి ఒక సాంటీమ్ పన్ను వేసింది. ‘పారిస్ రహస్యాలు’ రాసిన యూజేన్ స్యూ ప్రవాసంలో ఉండి, ‘లె బోస్యూ’ నడుస్తున్న రోజుల్లోనే, 1857 ఆగస్టు 3న చనిపోయాడు.

మూడో నెపోలియన్ పాలనలో సమకాలీన రాజకీయం మీద రాయడం ప్రమాదం. నూట నలభై ఏళ్ళ నాటి షేర్ల పిచ్చి మీద రాస్తే అడ్డు చెప్పేవారు లేరు. 1850ల పారిస్ కూడా రైల్వే షేర్లతో, కొత్త బ్యాంకులతో, స్టాక్ మార్కెట్ తొక్కిసలాటతో ఊగిపోతున్నది. గొంజాగ్ భవనంలో గదుల బేరం చదివిన పాఠకుడికి తన నగరం గుర్తురాకుండా ఉండదు. ఆ రాతలో కోపం ఉంది, జాలి కూడా ఉంది. రచయిత సొంత జీవితంలో పెట్టుబడుల ముప్పు తరువాత వచ్చింది. 1875లో ఒట్టోమాన్ సామ్రాజ్యం అప్పులు తీర్చలేక చేతులెత్తేసినప్పుడు ఫెవాల్ దాచుకున్న డబ్బంతా పోయింది. ఆ దెబ్బతో మతం వైపు తిరిగి, తన పాత నవలలను క్రైస్తవ నీతికి తగ్గట్టు దిద్దుకుంటూ చివరి ఏళ్ళు గడిపాడు. 1887 మార్చి 8న పారిస్‌లో మతసంస్థవారి ఆశ్రయంలో పోయాడు. అంతకుముందు 1860లలో ‘నల్లకోటులు’ అన్న నేరకథల వరుస మొదలుపెట్టాడు. అతని దగ్గర కార్యదర్శిగా పనిచేసిన ఎమిల్ గబోరియో తరువాత ఫ్రెంచి డిటెక్టివ్ నవలకు ఆద్యుడయ్యాడు.

‘లె బోస్యూ’ పుస్తకంగా కంటే రంగస్థలం మీద ఎక్కువమందికి చేరింది. 1862లో పోర్ట్ సెన్ మార్తేఁ థియేటరులో ఎతియెన్ మెలేంగ్ లగార్దేర్‌గా వేశాడు. మరుసటి ఏడాదే లండన్ లైసియం థియేటరులో ‘డ్యూక్స్ మోటో’ పేరుతో ఛార్ల్స్ ఫెష్టర్ ఆడాడు. ఫెవాల్ కొడుకు, అతని పేరూ పాల్ ఫెవాలే, లగార్దేర్‌కు ముందు కథలూ తరువాతి కథలూ రాసి ఆ పేరును ఇరవయ్యో శతాబ్దంలోకి తెచ్చాడు. వాటిలో కత్తులు ఉన్నాయి గాని పెంపకం లేదు, అందుకే అవి మూలం ముందు నిలవలేకపోయాయి.

సినిమా మూకీల కాలం నుంచే ఈ కథను పట్టుకుంది. 1944లో జాన్ దెలనువా తీసిన చిత్రంలో పియేర్ బ్లాన్షార్ నటించాడు. జనం మనసులో ముద్రపడినది 1959లో ఆంద్రే యునెబెల్ తీసిన రంగుల చిత్రం. లగార్దేర్‌గా జాన్ మరే కత్తియుద్ధాలు, సాహసాలు తానే చేశాడు. పక్కన పాస్‌ప్వాల్‌గా బుర్విల్ నవ్వించాడు. 1967లో టెలివిజన్ ధారావాహికలో జాన్ పియా లగార్దేర్ పాత్ర వేశాడు. 1997లో ఫిలిప్ ద బ్రొకా తీసిన చిత్రానికి దుస్తుల రూపకల్పనలో సెజార్ అవార్డు వచ్చింది. డానియెల్ ఒతేయ్ లగార్దేర్, వాన్సాఁ పెరేజ్ నెవేర్, ఫాబ్రీస్ లుకీని గొంజాగ్, ఫిలిప్ న్వారే రీజెంట్. ద బ్రొకా స్పెయిన్‌ను తీసేసి పిల్లను దేశదిమ్మరులైన ఇటలీ నటుల బృందంలో పెంచాడు. కందకంలో ఒక్క రాత్రి పరిచయమైన నెవేర్‌ను లగార్దేర్‌కు ప్రయాణాల్లో స్నేహితుడిగా మార్చి, ఆ చావుకు బరువు పెంచాడు. ప్రేమ విషయంలో మాత్రం నవల ముగింపునే ఉంచాడు. పసిబిడ్డను చంకన వేసుకుని మంచు కొండల్లో తప్పించుకునే భాగం మీద తెరపై అతను తీసుకున్న శ్రద్ధ ఫెవాల్ రాతకు దగ్గరగా ఉంటుంది.